ఖరగ్‌పూర్‌లో కొత్త కాపురం: నోముకు పదిమంది ముత్తైదువలు కావాలి

బొబ్బిలి అమ్మాయి | 30 జూన్ 2025

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఈ చర్చావేదికలో అందరి రాతలూ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

నిరుడు మాఘమాసంలో మా పెళ్లయింది. ఆయన రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, ఉద్యోగం ఖరగ్‌పూర్‌లో. నా బీఈడీ పూర్తయ్యేవరకు పుట్టింట్లోనే ఉండి, ఈ మే నెలలో ఇక్కడికి వచ్చాను. అత్తగారూ మామగారూ వచ్చి పాలు పొంగించి, పదిరోజులుండి పలాస వెళ్లిపోయారు. అప్పటినుంచి ఈ క్వార్టర్‌లో మేమిద్దరమే. నిజం చెప్పాలంటే చాలా రోజులు నేనొక్కదాన్నే. ఆయన టాటానగర్ వైపో భద్రక్ వైపో బండి తీసుకువెళ్లారంటే మర్నాటికి గానీ రారు. అర్ధరాత్రి ఫోను మోగితే లేచి క్యారేజీ సర్దివ్వాలి. తలుపు గడియ వేసుకున్నాక ఇక నిద్ర పట్టదు.

పక్క క్వార్టర్‌లో సంధ్యవేళ మూడుసార్లు శంఖం ఊదుతారు. మొదటిరోజు ఉలిక్కిపడ్డాను. ఇప్పుడు ఆ శంఖం కోసమే ఎదురుచూస్తున్నాను. గోడకు అవతల ఒక మనిషి ఉందని నాకు తెలిసేది దానితోనే.

అసలు సంగతికి వస్తాను. జూలై 29 మొదటి శ్రావణ మంగళవారం. నిరుడు మంగళగౌరీ నోము పుట్టింట్లో పట్టాను. అమ్మకు మొదటి వాయనం ఇచ్చి, మొత్తం అయిదుగురికి ఇచ్చాను. ఈ ఏడు పదిమందికి ఇవ్వాలి. ఇక్కడ నాకు ముఖపరిచయం ఉన్న ఆడవాళ్లు ముగ్గురు: పక్కింటి బెంగాలీ ఆవిడ, ఎదురింటి ఒడియా ఆవిడ, పాలు పోసే అమ్మాయి. అమ్మ నెలరోజులు బొబ్బిలి వచ్చేయమంటోంది. అత్తగారేమో రెండో ఏడు నోము నీ ఇంట్లోనే జరగాలంటున్నారు. నాకూ నా ఇంట్లోనే చేసుకోవాలని ఉంది. పదిమందిని ఎక్కడినుంచి తేను?

రాజాం కోడలు | 30 జూన్ 2025

అమ్మ మాట వినండి. ఒంటరిగా ఉండి బెంగపెట్టుకునే కంటే నెలరోజులు వెళ్లి రావడం మంచిది. నేను బరంపురంలో కాపురం పెట్టినప్పుడు రెండేళ్లు అలాగే చేశాను. ఎవరూ తప్పు పట్టలేదు.

భిలాయి వదిన | 1 జూలై 2025

నేను ఒప్పుకోను. వెళ్లిన ప్రతిసారీ తిరిగి రావడం ఇంకా కష్టమవుతుంది. నా అనుభవంతో చెబుతున్నాను.

మా ఆయనకు ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. 1994లో భిలాయి వచ్చేనాటికి నాకు ఇరవై ఏళ్లు, హిందీ ఒక్క ముక్క రాదు. మొదటి ఏడాదిలో నాలుగుసార్లు పుట్టింటికి వెళ్లాను. వచ్చినప్పుడల్లా ఇల్లు పరాయి ఇల్లులా కనిపించేది. వంటింట్లో డబ్బాలు కూడా నావి కావనిపించేది. ఒకరోజు పోపు పెట్టబోతే ఇంట్లో కరివేపాకు లేదు. ఆయన డ్యూటీలో ఉన్నారు. ధైర్యం చేసి రెండిళ్ల అవతల పెరట్లో చెట్టు ఉన్న ఇంటికి వెళ్లి, నోట మాట రాక చెట్టువైపు చెయ్యి చూపించాను. ఆవిడ ఛత్తీస్‌గఢీ. రెండు రెమ్మలు అడిగితే కొమ్మే విరిచి ఇచ్చింది. మర్నాడు నేను పులిహోర తీసుకెళ్లాను. ముప్ఫై ఏళ్లయింది. ఆవిడ కూతురి పెళ్లికి పసుపు దంచింది నేనే.

అందుకని చెబుతున్నాను, అమ్మాయీ. ముందు ఏదైనా ఇవ్వాలని చూడకు. ఏదైనా అడుగు. కొత్త కోడలు కరివేపాకు అడిగితే కాదనే ఇల్లు ఈ దేశంలో లేదు.

మితభాషి | 1 జూలై 2025

వాల్తేరుకు, అంటే విశాఖకు, బదిలీ పెట్టుకోమనండి. అన్నీ సర్దుకుంటాయి.

రైలుబండి | 1 జూలై 2025

మితభాషి గారూ, అది అంత సులభం కాదండీ. సొంత కోరికమీద వేరే రైల్వేకు వెళితే సీనియారిటీలో అందరికంటే అడుగుకు పోతాడు. అక్కడినుంచి ఇటు రావాలనుకునే మనిషి దొరికితే పరస్పర బదిలీ ఉంది గానీ, దానికీ ఏళ్లు పడుతుంది. కొత్తగా చేరిన కుర్రాడు ముందు ఇక్కడ పని నేర్చుకోవాలి.

అమ్మా, నేను ఖరగ్‌పూర్‌లోనే గార్డుగా పనిచేసి రిటైరయ్యాను. మీరు వచ్చింది తెలుగువాళ్లకు కొత్త ఊరు కాదు. మన ఉత్తరాంధ్ర మీదుగా వేసిన తూర్పుకోస్తా లైనులో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ కంపెనీకి ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు. లైను వెంబడి విజయనగరం, శ్రీకాకుళం వైపునుంచి మనవాళ్లు పనికోసం రైలెక్కి ఇక్కడ దిగారు. ఫిట్టర్లు, ఫైర్‌మన్లు, కలాసీలు, తర్వాత గుమాస్తాలు. దిగినవాళ్లు దిగినట్టే ఉండిపోయారు. 2003లో తూర్పుకోస్తా రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజను కూడా ఇక్కడి ఆగ్నేయ రైల్వేలోదే. అంటే మీ ఊరి స్టేషనూ మా ఊరి స్టేషనూ నిన్నమొన్నటిదాకా ఒకే ఇంటి గదులు.

ఈ ఊరి ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్ల పైచిలుకు. 2013లో గోరఖ్‌పూర్‌ది వచ్చేవరకు ప్రపంచంలో అదే పొడవైనది. ఆ చివరినుంచి ఈ చివరికి నడవండి, నాలుగుచోట్లయినా తెలుగు చెవిన పడుతుంది. నిమ్‌పురా, మథురాకాటి వైపు వెళితే తెలుగు గడపలు బోలెడు. మనవాళ్లు చేసే మాతా పూజ చూడటానికి ఇతర భాషలవాళ్లు కూడా వస్తారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అందుకు ముఖ్యకారణం ఈ ఊళ్లోని తెలుగువాళ్లే.

మా ఆవిడ పోయి నాలుగేళ్లయింది, లేకపోతే ఈపాటికి మీ ఇంటికి వచ్చి ఉండేది. నిమ్‌పురాలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఆవిడకు ఈ చర్చ సంగతి చెబుతాను.

బొబ్బిలి అమ్మాయి | 2 జూలై 2025

రైలుబండి గారూ, చదువుతుంటే కళ్లు తడిశాయి. ఆయన డ్యూటీనుంచి రాగానే చదివి వినిపించాను. వర్క్‌షాపు గోడ పక్కనుంచి రోజూ వెళుతున్నా ఈ సంగతి తనకూ తెలియదన్నారు.

వదినా, కరివేపాకు మా ఎదురింటి పెరట్లో ఉంది. రేపు అడుగుతాను.

బెజవాడ లోకో | 3 జూలై 2025

నేనూ అసిస్టెంట్ లోకో పైలట్‌నే, విజయవాడలో. మీ వారి తరఫున ఒక మాట చెప్పాలనిపించింది. బండిమీద ఉన్నంతసేపూ మా ఫోను ఆపేసి ఉంటుంది. అది నిబంధన. ఇంట్లోవాళ్లు పది సార్లు చేసినా మోగదు. పెళ్లైన కొత్తలో మా ఆవిడ ఇదే విషయంలో చాలా బాధపడింది. తర్వాత మేమొక పద్ధతి పెట్టుకున్నాం. బండెక్కే ముందు ఏ స్టేషను దాకా వెళుతున్నానో, సుమారుగా ఎన్నింటికి దిగుతానో వంటింటి క్యాలెండరు మీద రాసి వెళతాను. రన్నింగ్ రూం, అంటే బండి దిగాక మేం విశ్రాంతి తీసుకునే గది, చేరగానే, స్నానం కంటే ముందు, ఫోను చేస్తాను. క్యాలెండరు మీద ఆ నాలుగు అక్షరాలు ఉంటే ఆమెకు నిద్ర పడుతుంది. మీ వారికి చూపించండి.

నిమ్‌పురా మామ్మ | 5 జూలై 2025

అమ్మాయీ, రైలుబండి బాబు చెప్పాడు. నాకు రాయడం రాదు. ఫోనులోకి మాట చెబితే అక్షరాలు పడతాయని మనవడు నేర్పాడు. వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకని తప్పులుంటే దిద్దేవాళ్లు లేరు.

నా వయసు డెబ్బై నాలుగు. మా తాత చీపురుపల్లినుంచి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే పెళ్లి చేసుకున్నాను, నోములన్నీ ఇక్కడే పట్టి ఇక్కడే ఉద్యాపన చేసుకున్నాను. నీకు పదిమంది కావాలంటే ముందుగా మా ఇంట్లోనే ముగ్గురున్నారు: ఇద్దరు కోడళ్లు, కాన్పుకు వచ్చిన మనవరాలు. నేను ముత్తైదువను కాను, కానీ కథ నాకు నోటికి వచ్చు. నువ్వు కాటుక పడుతుంటే కథ నేను చెబుతాను. పుస్తకం చూసి చదవక్కర్లేదు.

ఇక్కడ ముందే చూసుకోవలసినవి చెబుతాను. వాయనంలోకి నల్ల శనగలు. కొట్లో ఛోలా అని అడుగు, కాబూలీవి కావని చెప్పు. సోమవారం రాత్రే నానబెట్టు. తమలపాకులకు ఈ ప్రాంతంలో కొదవ లేదు, పక్క జిల్లా పూర్వ మేదినీపూర్‌లో తోటలున్నాయి. కాటుక పట్టడానికి ఇనుప అట్లకాడ కావాలి. ఇప్పటి పిల్లల ఇళ్లలో అంతా ప్లాస్టిక్, చెక్క. నీ దగ్గర లేకపోతే మాది ఇస్తాను. అది మా అమ్మది.

పాత పద్ధతి | 6 జూలై 2025

మామ్మగారికి నమస్కారం. అమ్మాయి మొదట రాసినదాంట్లో బెంగాలీ, ఒడియా వాళ్ల ప్రస్తావన ఉంది కాబట్టి చెబుతున్నాను. ఈ నోము తెలిసినవాళ్లకే వాయనం ఇవ్వడం మంచిది. వాయనం పుచ్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఇచ్చినమ్మ వాయనం, పుచ్చుకున్నానమ్మ వాయనం అని పలకాలి. ఆ మాటకు అర్థం తెలియనివాళ్లకు ఇస్తే అది పంచిపెట్టడం అవుతుంది గానీ వాయనం కాదు. నొప్పించాలని కాదు, మా ఇంట్లో పెద్దలు చెప్పినది చెప్పాను.

నిమ్‌పురా మామ్మ | 6 జూలై 2025

బాబూ, మీ పెద్దలు చెప్పినది వాళ్ల ఊరికి సరిపోతుంది. అడుగడుక్కీ తెలిసినవాళ్లున్న ఊరు అది.

మా అమ్మ నోము పట్టిన నాటికి మా వీధిలో తెలుగువాళ్లవి మూడే ఇళ్లు. అమ్మ బెంగాలీ వాళ్లను పిలిచింది. వాళ్లకూ ముత్తైదువ అనే మాట ఉంది. ఎయో అంటారు. వాళ్ల శుభకార్యాల్లో ఎయోలే ముందుండాలి. మనకు మెట్టెలు, నల్లపూసలు ఎలాగో వాళ్లకు చేతికి తెల్లటి శంఖు గాజు, ఎర్ర గాజు అలాగ. దసరా చివరి రోజున అమ్మవారికి సిందూరం పెట్టి, ఆ సిందూరమే ఒకరికొకరు పూసుకుంటారు. చూసి ఉంటే నువ్వీ మాట అనవు. ఇచ్చినమ్మ వాయనం అని మా అమ్మ పలికిస్తే వాళ్లు మూడుసార్లు తప్పులతో పలికారు. అర్థం అడిగి తెలుసుకున్నారు కూడా. మన ఊళ్లల్లో ఎంతమంది అర్థం అడిగారు?

పాత పద్ధతి | 7 జూలై 2025

మామ్మగారూ, మీ అమ్మగారు చేసినదాన్ని కాదనే అర్హత నాకు లేదు. ఎయో అన్న మాట నాకు తెలియదు. మా ఇంట్లో చెబుతాను.

బొబ్బిలి అమ్మాయి | 10 జూలై 2025

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. చెప్పవలసినవి చాలా ఉన్నాయి.

కరివేపాకు అడిగాను. ఎదురింటి ఒడియా ఆవిడ లోపలికి పిలిచి టీ ఇచ్చింది. మొన్న శనివారం జగన్నాథుడి తిరుగు రథం చూడటానికి నన్ను కూడా తీసుకెళ్లింది. పేరు పెట్టి పిలవొద్దు, నాని అనమంది. వాళ్లలో అక్కను అలా అంటారట.

ఇక పక్కింటి విషయం. నిన్న బజారులో అరటిపువ్వు కనబడితే మనసాగక కొన్నాను. మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని ఒలుస్తున్నాను. మీకు తెలుసు కదా, ఒక్కో పువ్వులోంచి గట్టి కాడనూ పలుచటి పొరనూ గిల్లి తీసేసరికి గంట పడుతుంది. పక్కింటావిడ బట్టలు తీయడానికి బయటకు వచ్చి, నన్ను చూసి ఆగింది. లోపలికి వెళ్లి ఆవనూనె గిన్నె తెచ్చి నా వేళ్లకు రాసింది. జిగురు అంటకుండా అన్నమాట. తర్వాత అడక్కుండానే పక్కన చతికిలబడి సగం పువ్వు తనే ఒలిచింది. మోచా, మోచా అంటోంది. నాకు వచ్చిన బెంగాలీ మాట మొదట అదే. ఇద్దరికీ భాష కలవదు. కానీ కాడ తీసే తీరు ఒక్కటే, పారేసే పొర ఒక్కటే. పసుపు నీళ్లలో వేయమని ఆవిడ సైగ చేసింది. మజ్జిగలో వేస్తామని నేను గిన్నె చూపించాను.

కూర వండి చివర్న ఆవ నూరి పెట్టాను, అమ్మ పెట్టినట్టే. గిన్నెలో వేసి తీసుకెళ్లి ఇస్తే, మూత తీసి వాసన చూసిందో లేదో, షొర్షే అని గట్టిగా అరిచింది. లోపలినుంచి అత్తగారిని పిలిచి ఆవిడకూ వాసన చూపించింది. దక్షిణాది వాళ్ల వంటంటే కొబ్బరి, చింతపండు, సాంబారు అనుకున్నారట. ఆవ మన ఇళ్లలో కూడా ఉంటుందని వాళ్లు అనుకోలేదు. ఆవనూనె వాసన పడదని మే నెలంతా వాళ్ల వంటింటివైపు కిటికీ మూసుకున్నదాన్ని నేను. ఆ సాయంత్రం తెరిచాను.

నా కాలి మెట్టెలు చూసి ఏమిటవి అని అడిగింది. ఆవిడ చేతి తెల్లగాజు చూసి నేనూ అడిగాను. మామ్మగారు చెప్పినవే రెండూ.

భిలాయి వదిన | 10 జూలై 2025

ఆ కిటికీ ఇక మూయకు, తల్లీ.

గోదారి గట్టు | 11 జూలై 2025

మాది యానాం దగ్గర. పెళ్లయ్యాక అయిదేళ్లు హౌరాలో ఉన్నాం. కూరగాయల మాటలు కొన్ని రాస్తాను, పనికొస్తాయి. వంకాయ బేగున్, గుమ్మడికాయ కుమ్డో, మునక్కాయ సొజ్నే, చింతపండు తేంతుల్, ఉప్పు నూన్. సొరకాయను లావు అంటారు. మొదట్లో కూరలవాడు నన్ను చూసి లావు, లావు అని అరుస్తుంటే చాలా చిన్నబుచ్చుకున్నాను. తర్వాత మా ఆయన చెప్పారు. వయసులో పెద్దయితే దీదీ, వదిన వరస అయితే బౌదీ, తల్లి వయసు వాళ్లు కాకీమా లేదా మాసీమా. వరస పెట్టి పిలిస్తే చాలు, మిగతా వాక్యం తప్పుగా ఉన్నా పట్టించుకోరు.

ఇంకొకటి. వానలు మొదలయ్యాక బజారులో ఇలిశ చేప వస్తుంది. అది మన పులసే. సముద్రంనుంచి గోదావరిలోకి ఎదురీదితే మనకు పులస, గంగలోకి ఎదురీదితే వాళ్లకు ఇలిశ. పులుసు పెట్టి పక్కింటికి పంపండి. వాళ్లు ఆవ పెట్టి వండి మీకు పంపుతారు. శ్రావణ మంగళవారం నాడు మాత్రం కాదు.

రైలుబండి | 12 జూలై 2025

కాగితాల పని కూడా మరిచిపోకండి. భార్యగా మీ పేరు ఆయన ఆఫీసు రికార్డులో ఎక్కితేనే రైల్వే పాసు, వైద్యానికి ఉమీద్ కార్డు వస్తాయి. ఓటు ఇటు మార్చుకోవాలంటే ఫారం 8. గ్యాసు కనెక్షను, ఆధార్ చిరునామా ఎటూ తెలిసినవే. అన్నీ ఒకే వారంలో పూర్తి చేసుకుంటే మళ్లీ తిరగక్కర్లేదు.

రాజాం కోడలు | 20 జూలై 2025

అమ్మాయీ, లెక్క ఎంతవరకు వచ్చింది? బొబ్బిలి వెళ్లమని చెప్పినదాన్ని నేనే, ఇప్పుడు రోజూ ఈ పేజీ తెరిచి చూస్తున్నాను.

బొబ్బిలి అమ్మాయి | 20 జూలై 2025

అక్కా, ఎనిమిది! మామ్మగారి ఇంటినుంచి ముగ్గురు, పక్కింటి బౌదీ, వాళ్ల అత్తగారు, ఎదురింటి నాని. మామ్మగారి కోడలు వర్క్‌షాపు వైపు ఉండే తన స్నేహితురాళ్లిద్దరిని పరిచయం చేసింది. ఇద్దరిదీ తెలుగే. వాళ్ల తెలుగులో మా నాయనమ్మ వాడే మాటలున్నాయి. మా ఊళ్లో ఇప్పుడు ఎవరూ అనని మాటలు. ఇంకా ఇద్దరు కావాలి.

నిమ్‌పురా మామ్మ | 21 జూలై 2025

పాలు పోసే అమ్మాయి ఉందని మొదట్లో రాశావు. దానికి పెళ్లయిందా?

బొబ్బిలి అమ్మాయి | 21 జూలై 2025

అయింది మామ్మా. వాళ్ల తోడికోడలు కూడా పక్కనే ఉంటుంది. ఇద్దరినీ పిలుస్తాను. నాకు తట్టనేలేదు, సిగ్గుగా ఉంది.

బొబ్బిలి అమ్మాయి | 30 జూలై 2025

నిన్న నోము జరిగింది.

తెల్లవారుజామునుంచి వాన. ఎవరూ రాలేరేమో అని గుమ్మంలోనే నిలబడ్డాను. మామ్మగారు రిక్షాలో, ఒళ్లో బట్ట చుట్టిన అట్లకాడ పెట్టుకుని వచ్చారు. ఆ అట్లకాడ కాడ దగ్గర అరిగి నున్నగా అయిపోయింది, పట్టుకుంటే వేలికి గుంట తగులుతుంది. బియ్యప్పిండీ బెల్లమూ కలిపి చేసిన ప్రమిదల్లో ఆవునెయ్యి జ్యోతులు వెలిగించి, నెయ్యి రాసిన అట్లకాడ వాటిమీద పట్టుకున్నాను. మామ్మగారు కళ్లు మూసుకుని కథ చెప్పారు. సుశీల కథ నాకు తెలిసిందే. కానీ ఆవిడ చెప్పేటప్పుడు మధ్యలో ఆగి, బౌదీకీ నానికీ అర్థమయ్యేలా బెంగాలీలో నాలుగు మాటలు చెప్పి, మళ్లీ తెలుగులోకి వచ్చేవారు. కథ అయ్యేసరికి అట్లకాడ అడుగున కాటుక మందంగా పట్టింది. నా చెయ్యి నొప్పి పుట్టింది గానీ దించలేదు.

పదిమందికీ పాదాలకు పసుపు రాసి, కాటుక పెట్టి, వాయనాలిచ్చాను. పుచ్చుకున్నానమ్మ వాయనం అని బౌదీ వాళ్ల అత్తగారు మూడుసార్లు పలికారు. మొదటి రెండుసార్లు తప్పు, మూడోసారి సరిగ్గా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. పాలమ్మాయి కొత్త చీర కట్టుకుని వచ్చింది. తనను ఇంతవరకు ఎవరూ కుర్చీలో కూర్చోమని చెప్పి కాళ్లకు పసుపు రాయలేదట. అది చెబుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంతా అయ్యాక బౌదీ చిన్న సీసా తీసి, నన్ను కూర్చోబెట్టి, నా కాళ్లకు ఎర్రగా అల్తా పెట్టింది. పెళ్లినాడు పెట్టిన పారాణి తర్వాత మళ్లీ అదే.

ఆయన భద్రక్‌నుంచి రాత్రి పదకొండింటికి వచ్చారు. క్యాలెండరు మీద తొమ్మిది అని రాసి వెళ్లారు, వానకు బండి ఆలస్యమైంది. ఎర్రటి నా కాళ్లు చూసి, ఎవరు పెట్టారని అడిగారు. చెప్పడం మొదలుపెడితే ఒంటిగంట దాటింది. నానబెట్టిన శనగలు తాలింపు వేసి ఇస్తే గిన్నెడూ తినేశారు.

అమ్మకు ఫోటోలు పంపాను. ఇంతమందిలో ఎవరు ఎవరో చెప్పమని మూడుసార్లు ఫోను చేసింది.

పాత పద్ధతి | 30 జూలై 2025

మంగళగౌరి చల్లగా చూడాలి తల్లీ. మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

నిమ్‌పురా మామ్మ | 31 జూలై 2025

అట్లకాడ నీ దగ్గరే ఉంచు. ఇంకా మూడు మంగళవారాలున్నాయి.

ఆగస్టు 8 శుక్రవారం వరలక్ష్మీ వ్రతం మా ఇంట్లో. నాలుగింటికల్లా రా, పూర్ణాలు వత్తడానికి మనిషి కావాలి. మీ బౌదీనీ, వాళ్ల అత్తగారినీ తీసుకురా. శంఖం కూడా తెమ్మను. హారతి వేళ మా ఇంట్లో ఊదేవాళ్లు లేరు.